నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే వెలిగే అణువు: ఏడు నెలల నా అనుభవం

అమ్మమ్మ ఫోన్‌లో దాన్ని "మందు" అనేది. "నీళ్ళలో ఫ్లోరిన్ ఉంటే వెలిగే మందు చేస్తున్నావంట, అయిందా?" అని వారానికి ఒకసారైనా అడిగేది. అది మందు కాదమ్మమ్మా, రంగు లాంటిది అని రెండు మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఆమె అడిగే తీరులో ఒక ఆత్రం ఉండేది. మా ఊరు కనిగిరి వైపు. అక్కడ నా ఈడు పిల్లలకి కూడా పళ్ళ మీద గోధుమ రంగు గారలు ఉంటాయి. అమ్మమ్మకి మోకాళ్ళు పూర్తిగా ముడవవు, మెడ పక్కకి తిప్పాలంటే ఒళ్ళంతా తిరగాలి. 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బుని చూసి, కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వివరమైన రిపోర్టు అదే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

నేను విశాఖపట్నంలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మద్దిలపాలెంలో ఇంకో ఇద్దరితో కలిసి రూమ్. ప్రాజెక్టు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మా గైడ్ మేడమ్ చాలా విషయాలు చెప్పారు కానీ, ఎమ్మెస్సీలో ఆవిడ చూపించిన ఒక చిన్న ప్రయోగమే నా మనసులో ఉండిపోయింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ కొద్దిగా కలిపిన నీళ్ళలో చిటికెడు క్వినైన్ వేసి, గదిలో లైట్లు తీసేసి, యూవీ దీపం కింద పెట్టారు. గ్లాసంతా లేత నీలంగా వెలిగింది. అందులో ఒక చెంచా మామూలు ఉప్పు వేసి కలిపారు. ఆ వెలుగు మా కళ్ళ ముందే తగ్గిపోయింది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు, వెలుగు ఇవ్వబోతున్న క్వినైన్ అణువుల్ని గుద్దుకుని ఆ శక్తిని లాగేసుకుంటాయి. "ఇది క్లోరైడ్‌ని పట్టించింది. కానీ వెలుగు ఆరిపోవడానికి ఇంకా సవాలక్ష కారణాలు ఉండొచ్చు. ఆరిపోయేదాన్ని కాదు, వెలిగేదాన్ని చెయ్యాలి" అన్నారు మేడమ్. నేను చేసిన పనంతా ఆ మాట వెంట నడిచిందే.

ఫ్లోరైడ్‌కి ఒక గుణం ఉంది. సిలికాన్ కనిపిస్తే వదలదు. సిలికాన్-ఫ్లోరిన్ బంధం చాలా గట్టిది, సిలికాన్ ఆక్సిజన్‌తో కట్టుకునే బంధం కన్నా గట్టిది. కాబట్టి వెలిగే అణువు ఒకటి తీసుకుని, దాని ఆక్సిజన్ మీద సిలికాన్ మూత పెడితే అది వెలగదు. ఫ్లోరైడ్ వచ్చి ఆ మూతని లాక్కుపోతే మళ్ళీ వెలుగుతుంది. మూత తీయడం ఒక రసాయన చర్య, ఒకసారి తీస్తే మళ్ళీ మూసుకోదు. అందుకని దీన్ని సెన్సర్ అనే కన్నా డోసిమీటర్, అంటే ఒక్కసారికే పనిచేసే కొలమానం, అనడం సరైనది. ఈ ఆలోచన నాది కాదు, ఇరవై ఏళ్ళ పైబడి ఎంతోమంది దీని మీద పనిచేశారు. నాకు కావలసింది ఒక్కటే: మా ఊరి బోరు నీళ్ళలో అది పనిచెయ్యాలి, యంత్రం లేకుండా కంటికి కనపడాలి.

వెలిగే భాగానికి కౌమరిన్ రకం అణువు ఎంచుకున్నాం, పేరు 7-హైడ్రాక్సీ-4-మిథైల్ కౌమరిన్. 1883 నాటి పెక్‌మన్ పద్ధతిలో చేసుకోవచ్చు. రిసార్సినాల్, ఇథైల్ ఎసిటోఎసిటేట్ కలిపిన ద్రవాన్ని చల్లని గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో బొట్టు బొట్టుగా వెయ్యాలి. వేడి పది డిగ్రీలు దాటకూడదు. జూన్ నెల. విశాఖలో జూన్ అంటే బయట చెమట ఆరదు. మా ఐస్ మెషిన్ అప్పటికే పాడై ఉంది. మా ల్యాబ్ అటెండర్‌ని మేమందరం మావయ్యా అని పిలుస్తాం. ఆయన ఉదయాన్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, చేపల పెట్టెల్లో పోసే ఐసు ఒక గోనెసంచిలో కట్టించుకుని స్కూటర్ మీద తెచ్చాడు. "ఏటమ్మా, ఇది సరిపోద్దా?" అని అడిగాడు. సరిపోయింది. రాత్రంతా ఉంచి మర్నాడు దాన్ని ఐసు మీద పోస్తే లేత పసుపు ముద్ద పడింది. ఆల్కహాల్‌లో కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. 185 డిగ్రీల దగ్గర కరిగాయి. అంటే సరుకు బాగానే ఉంది.

మూత పెట్టే దగ్గర ఇబ్బందులు మొదలయ్యాయి. సిలికాన్ మూతని తగిలించే సిలైల్ క్లోరైడ్‌కి తడి గాలి తగిలితే చాలు, నీటితో కలిసిపోయి పాడవుతుంది. మాది సముద్రానికి దగ్గర్లో ఉన్న ల్యాబ్. కిటికీ తీస్తే చేతికి జిగురు తగిలే గాలి. ఓవెన్‌లో ఆరబెట్టిన ఫ్లాస్క్ బయటికి తీసి చల్లారేలోపే లోపల సన్నని తేమ పట్టేది. మొదటి రెండుసార్లు మూత సగం అణువులకి కూడా పడలేదు. మూడోసారి ఫ్లాస్క్ వేడిగా ఉండగానే నైట్రోజన్ బెలూన్ తగిలించి, డీఎంఎఫ్ అనే ద్రావణిని తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్స్ మీద రెండు రోజులు ఉంచి వాడాను. సిలికా కాలమ్ మీద శుద్ధి చేసి, పదార్థాలని చుక్కలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు యూవీ దీపం కింద పెడితే, పాత కౌమరిన్ ఉండే చోట నీలం చుక్క లేదు. కొత్త చుక్క పైన ఉంది, 365 నానోమీటర్ల దీపం కింద అది చీకటిగానే ఉంది. చీకటి చుక్కని చూసి అంత సంతోషపడ్డది ఆ ఒక్కసారే.

మొదటి పరీక్ష నీళ్ళకి బదులు ఎసిటోనైట్రైల్ అనే ద్రావణిలో చేశాను. అందులో టెట్రాబ్యూటైల్ అమ్మోనియం ఫ్లోరైడ్ అనే ఫ్లోరైడ్ లవణం ఒక్క చుక్క వేశాను. చుక్క పడిన చోటి నుంచి నీలం అలా పాకి, రెండు మూడు క్షణాల్లో వయల్ (చిన్న గాజు సీసా) మొత్తం వెలిగిపోయింది. పక్క బెంచీ అక్కని పిలిచి చూపించాను. ఆ సాయంత్రం అందరం ఆర్కే బీచ్‌కి వెళ్ళి ముంత మసాలా తిన్నాం. నేను అమ్మమ్మకి ఫోన్ చేసి "అయిపోయింది" అని చెప్పేశాను కూడా.

మర్నాడు దాన్నే నీళ్ళలో వేశాను. ఫ్లోరైడ్ స్టాక్ మామూలుగా చేసేదే: 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ని లీటరు నీళ్ళలో కరిగిస్తే లీటరుకి 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నట్టు. దాన్ని గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో ఉంచాలి. అందులోంచి పలచన చేసి లీటరుకి 1, 2, 5, 10 మిల్లీగ్రాములు ఉండే వయల్స్ పెట్టాను. పది నిమిషాలు, గంట, మూడు గంటలు. ఏమీ లేదు. వెలుగు లేకపోగా నా అణువు నీళ్ళలో కరక్క తెల్లటి మసకగా పైకి తేలింది.

మేడమ్‌కి చూపిస్తే ఆవిడ ఆశ్చర్యపోలేదు. నన్ను కూర్చోబెట్టి ఒక కాగితం మీద అంకెలు రాశారు. ఒక మోల్ అయోడైడ్‌ని నీటి అణువుల పట్టులోంచి బయటికి లాగాలంటే సుమారు 275 కిలోజౌళ్ళ శక్తి కావాలి. క్లోరైడ్‌కి 340. ఫ్లోరైడ్‌కి 465. ఫ్లోరైడ్ చాలా చిన్నది, దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఎసిటోనైట్రైల్‌లో అది బట్టలు విప్పినట్టు ఒంటరిగా ఉంది కనుకనే క్షణంలో సిలికాన్‌ని పట్టుకుంది. నీళ్ళలో దానికి నా సిలికాన్ అక్కర్లేదు, చుట్టూ ఉన్న నీరే చాలు. అయాన్లని పట్టే అణువుల గురించి వచ్చిన పేపర్లు చదివేటప్పుడు నేను అంతకుముందు ద్రావణి పేరు చూసేదాన్ని కాదు. ఆ రోజు నుంచి మొదట అదే చూస్తున్నాను. ఎసిటోనైట్రైల్‌లో, డీఎంఎస్‌ఓలో అద్భుతంగా పనిచేసినవి ఎన్నో ఉన్నాయి. బావి నీళ్ళలో పనిచేసినవి చాలా తక్కువ. ఆ వెలితి నాకు చిన్న విషయంలా అనిపించదు. ఫ్లోరైడ్ జనం ఒంట్లోకి పోయేది నీళ్ళలోంచే.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. నేను మొదట వాడిన మూత టెర్ట్-బ్యూటైల్ డైమిథైల్ రకం. పీహెచ్ 8 బఫర్‌లో, అంటే కొంచెం క్షారంగా నిలిపి ఉంచే ద్రావణంలో, పెట్టి రాత్రి వదిలేస్తే ఉదయానికి ఫ్లోరైడ్ లేకుండానే వెలిగి ఉంది. క్షారానికే మూత ఊడిపోతోంది. మా ఊరి నీళ్ళ విషయంలో ఇది అసలు ఉండకూడని లోపం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే భూగర్భ జలాల్లో సాధారణంగా కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ, నీళ్ళు కొంచెం క్షారంగా ఉంటాయి. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టి కింద పడేస్తుంది, అది లేని చోటే ఫ్లోరైడ్ పెరుగుతుంది. అంటే నా మొదటి అణువు సరిగ్గా అలాంటి నీళ్ళలోనే అబద్ధం చెప్పేది. పట్టుకుంటున్నది ఫ్లోరైడ్‌నా, క్షారాన్నా అనే తేడా తేల్చకుండా "సెలెక్టివ్", అంటే ఫ్లోరైడ్‌నొక్కదాన్నే పడుతుంది, అని రాయడం నాకిప్పుడు భయం.

మూత మార్చాం. టెర్ట్-బ్యూటైల్ డైఫినైల్ రకం, రెండు బెంజీన్ చక్రాలున్న లావుపాటి మూత. ఇది క్షారాన్ని బాగా తట్టుకుంది, పీహెచ్ 7.4 బఫర్‌లో రెండు రోజులైనా చీకటిగానే ఉంది. కానీ అంత గట్టి మూతని నీటిలో చిక్కుకున్న ఫ్లోరైడ్ ఇంకా తియ్యలేదు. జులై, ఆగస్టు అలాగే గడిచాయి. బఫర్లు, ఆల్కహాల్ కలిపిన నీళ్ళు, వేడి చెయ్యడం, అన్నీ ప్రయత్నించాను. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

దారి చూపింది సీటాబ్. పూర్తి పేరు సిటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్. సబ్బు లాంటి పదార్థమే, కాకపోతే తల ధనావేశంతో ఉంటుంది. నీళ్ళలో దాని గాఢత ఒక మిల్లీమోలార్ దాటితే దాని అణువులు గుంపుకట్టి చిన్న చిన్న బంతులవుతాయి. తోకలన్నీ లోపలికి, ధనావేశం తలలన్నీ బయటికి. నీళ్ళంటే పడని నా అణువు ఆ బంతుల్లోకి దూరిపోతుంది. రుణావేశం ఉన్న ఫ్లోరైడ్ ఆ తలల చుట్టూ చేరుతుంది, అక్కడ నీటి పట్టు కూడా కొంచెం సడలుతుంది. ఇద్దరినీ ఒకే గుమ్మం దగ్గరికి తెచ్చినట్టు. వేరేవాళ్ళు సిలైల్ అణువులతో ఇలా చేశారని మేడమ్ ఒక పాత పేపర్ వెతికి ఇచ్చారు. రెండు మిల్లీమోలార్ సీటాబ్ కలిపి, లీటరుకి 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ నీళ్ళు పోసి, యూవీ టార్చ్ పట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి అంచుల్లో ఏదో ఉన్నట్టు అనిపించింది. గంటకి స్పష్టంగా నీలం. ఈసారి అమ్మమ్మకి ఫోన్ చెయ్యలేదు.

చెయ్యకపోవడమే మంచిదైంది. తర్వాతి వారం ఫ్లోరైడ్ అసలు వెయ్యని వయల్స్, అంటే బ్లాంకులు వెలగడం మొదలైంది. ఒకటి వెలిగేది, పక్కది వెలిగేది కాదు. సీటాబ్ పాడైందేమో అని కొత్తది తెప్పించాను. నా అణువు చెడిందేమో అని మళ్ళీ కాలమ్ వేశాను. తొమ్మిది రోజులు నిద్ర లేదు, చాలా టెన్షన్. చివరికి ఒక రాత్రి ఏమీ పొయ్యని ఖాళీ వయల్‌ని యూవీ కింద పెట్టాను. గోడలు నీలంగా మెరిశాయి. వయల్స్ నేనే కడిగాను, బట్టలు ఉతికే డిటర్జెంట్ పౌడర్‌తో. తెల్ల బట్టలు ఇంకా తెల్లగా కనపడాలని అలాంటి పౌడర్లలో ఆప్టికల్ బ్రైట్‌నర్లు వేస్తారు. అవి కంటికి కనపడని యూవీని తీసుకుని నీలం వెలుగు ఇస్తాయి. నా కౌమరిన్ వెలిగే రంగుకి దగ్గరి రంగే. సరిగ్గా కడగని వయల్‌లో ఆ పొర మిగిలిపోయింది. "వెలిగేదాన్ని చెయ్యాలి" అన్న మాటకి ఇంకో సగం ఉందని అప్పుడు తెలిసింది: అక్కడ వెలుగుతున్నది నువ్వు చేసిందేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. అప్పటి నుంచి వయల్స్‌ని ముందు ఆల్కహాల్‌తో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పరీక్ష పెట్టే ముందు ఒక్కొక్కటీ చీకట్లో యూవీ కింద చూస్తాను. మావయ్య కూడా ఇప్పుడు కడిగిన సామాను టార్చ్ వేసి చూపిస్తాడు.

అక్టోబరులో మిగతా అయాన్లు పరీక్షించాను. క్లోరైడ్, బ్రోమైడ్, నైట్రేట్, సల్ఫేట్, ఫాస్ఫేట్, బైకార్బొనేట్, ఎసిటేట్. ఒక్కోటి విడిగా వేస్తే ఏదీ మూత తియ్యలేదు. వరసగా పది వయల్స్, ఒక్కటే నీలం. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్ స్క్రీన్ మీద ఉంది. కానీ విడివిడిగా పరీక్షించడం వేరు, అన్నీ కలిసున్న నీళ్ళు వేరు. ఆ తేడా చూపించడానికి విశాఖలో నీళ్ళకి కొదవ ఏముంది? ఉదయం నడకకి వెళ్ళి ఆర్కే బీచ్‌లో ఒక సీసా సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చాను. సముద్రంలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, లీటరుకి సుమారు 1.3 మిల్లీగ్రాములు. అందులో దాదాపు సగం మెగ్నీషియంతో జతకట్టి ఉంటుంది. దాని పక్కన క్లోరైడ్ లీటరుకి 19 గ్రాముల దాకా. నా వయల్ చీకటిగా ఉండిపోయింది. అదనంగా 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వేసినా ఏదో మసకగా తప్ప వెలగలేదు. సీటాబ్ బంతుల తలల చుట్టూ క్లోరైడ్ జనంలా నిండిపోయి ఫ్లోరైడ్‌ని దగ్గరికే రానివ్వలేదు. క్లోరైడ్ మూత తియ్యలేదు, నిజమే. తీసేవాణ్ని రానివ్వలేదు. సెలెక్టివిటీ బొమ్మలో ఇది కనపడదు.

దసరాకి ఊరెళ్ళిన మా అన్నయ్య, మా బోరు నీళ్ళు రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో తెచ్చిపెట్టాడు. ముందు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ మీద చూశాం. లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో పనిచేసే ఈ ఎలక్ట్రోడ్ 1966 నుంచి ఉంది, ఇప్పటికీ నమ్మదగింది అదే. లీటరుకి 3.4 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నా వయల్ మాత్రం 2 కన్నా తక్కువ ఉన్నట్టు వెలిగింది. ఎలక్ట్రోడ్ తప్పు చెప్పిందేమో అని ఒక పూట ఆశపడ్డాను. కానీ తప్పు నా వయల్‌దే. బోరు నీళ్ళలోని క్లోరైడ్, బైకార్బొనేట్ సముద్రంలో జరిగిందే చిన్నగా చేశాయి. ఎక్కువ ఉన్నదాన్ని తక్కువ అని చెప్పే పరీక్ష, అసలు పరీక్ష లేకపోవడం కన్నా ప్రమాదం. పిల్లలకి ఆ నీళ్ళే పట్టేస్తారు.

దీనికి కెమిస్ట్రీలో పాత దారే ఉంది, స్టాండర్డ్ ఎడిషన్. తెలియని నీళ్ళని డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన వరసతో పోల్చకూడదు. ఆ నీళ్ళనే నాలుగు వయల్స్‌లో పోసి, మొదటిదాంట్లో ఏమీ వెయ్యకుండా, మిగతా వాటిలో తెలిసినంత ఫ్లోరైడ్ 1, 2, 3 మిల్లీగ్రాముల చొప్పున పెంచుతూ వేసి, వెలుగు ఎలా పెరుగుతోందో చూడాలి. ఆ గీతని వెనక్కి లాగితే అసలు నీళ్ళలో ఎంతుందో తెలుస్తుంది. బఫర్‌ని గట్టిగా చేసి, వెలుగుని కొలిచే ఫ్లోరోమీటర్ మీద ఈ పద్ధతిలో చూస్తే 3.2 వచ్చింది. ఫ్లోరోమీటర్ మాది కాదు, స్లాట్ దొరకడానికే రెండు వారాలు. దొరికిన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అయినా 3.2. నోట్‌బుక్‌లో ఆ అంకె చుట్టూ రెండుసార్లు గీత గీశాను.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు బ్యాగులో ఒక చిన్న థర్మాకోల్ పెట్టె పెట్టుకున్నాను. లోపల పన్నెండు వయల్స్, అణువు కలిపిన సీటాబ్ ద్రావణం, ఫ్లోరైడ్ స్టాక్, యూవీ టార్చ్, పసుపు రంగు రక్షణ కళ్ళజోడు. భోగి మర్నాడు పొద్దున్న అమ్మమ్మని దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టాను. పీట మీద మూడు రకాల నీళ్ళు: ఊళ్ళో ఆర్వో ప్లాంటు నుంచి వచ్చే క్యాను నీళ్ళు, మా బోరు, పక్కింటి పిన్ని వాళ్ళ బోరు. ఒక్కోదానికీ ఫ్లోరైడ్ కలపనిది ఒకటి, కలిపినది ఒకటి జతగా పెట్టాను, ఆర్వో నీళ్ళలో కలపనిది బ్లాంకులా పనికొస్తుందని. రెండు గంటలు ఆగాలని చెప్తే అమ్మమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, ఊళ్ళో ఎవరికి ఎప్పుడు నడుములు వంగాయో వరసగా చెప్పుకొచ్చింది.

టార్చ్ వేశాను. క్యాను నీళ్ళు చీకటి. మా బోరు లేత నీలం. పిన్ని వాళ్ళది దానికన్నా ముదురు. అమ్మమ్మ మెడ తిప్పలేక మొత్తం ఒళ్ళు వంచి, ఒక్కో వయల్ దగ్గరికి మొహం పెట్టి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"మరి తాగేది క్యాను నీళ్ళేగా, మంచివే" అన్నాను.

"తాగేది అవే" అంది. "ఎసట్లోకి, పప్పులోకి, టీలోకి బోరు నీళ్ళే పోస్తన్నాంగా. కాగితే పోద్దనుకున్నా."

కాగితే పోదు. నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. పప్పు ఉడికే నీళ్ళు ఇంకిపోయేదాకా ఉడుకుతాయి కదా. ఏడు నెలలు అయాన్ల వెంట తిరిగి, ఎసట్లో నీళ్ళ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మధ్యాహ్నం కుండలో ఎసరు నీళ్ళలోంచి కొంచెం, ఉడికిన పప్పు తేటలోంచి కొంచెం తీశాను. పప్పు తేట పసుపు వల్ల తనంతట తానే పచ్చగా వెలిగి పరీక్షకి అందలేదు. ఎసరు నీళ్ళు మాత్రం బోరు కన్నా ముదురుగా వెలిగాయి.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అమ్మమ్మ క్యాను దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉంది. మా మేనమామని కేకేసి, "ఇక నుంచి రోజుకి రెండు క్యాన్లు తేరా" అంటోంది.